తోడేలుకు ఓ తోడు

రాజుగారు తన పడకగది తలుపు తీశారు. కాసేపటి కిందట ఆ గదిలో వదిలి వెళ్లింది ఒక తోడేలును. నలుగురి ముందూ రూపం మార్చుకోవడానికి సిగ్గుపడుతోందేమోనని, దాని ముందు ఒక జత బట్టలు పెట్టి తలుపు వేసి వెళ్లారు. ఇప్పుడు గదిలో తోడేలు లేదు. ఏడాదికి పైగా ఆచూకీ లేకుండా పోయిన సామంతుడు రాజుగారి మంచం మీదే ఆదమరిచి నిద్రపోతున్నాడు. రాజు పరుగున వెళ్లి అతణ్ని కౌగిలించుకున్నాడు. వందసార్లకు పైగా ముద్దు పెట్టుకున్నాడు.

ఈ మధ్య వచ్చిన ఏ వెబ్ సిరీస్‌లోనిదో అనిపించే ఈ సన్నివేశం వయసు ఎనిమిది వందల ఏళ్ల పైమాటే. 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజాస్థానాల చుట్టూ వినిపించిన ఫ్రెంచిలో మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి రాసిన కథాకావ్యం ‘బిస్‌క్లావ్రె’లోది. తన పేరు మరీ అని, తనది ఫ్రాన్స్ అని ఆమె ఒకచోట చెప్పుకుంది. అంతకు మించి ఆమె గురించి తెలిసింది చాలా తక్కువ. ఆమె రాసిన పన్నెండు కథాకావ్యాలూ ఉన్న 13వ శతాబ్దపు రాతప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఆ పన్నెండింటిలో తోడేలు మనిషి కథ ఇదొక్కటే.

ఇవాళ ఇంగ్లిష్ పుస్తకాల దుకాణాల్లో ‘పారానార్మల్ రొమాన్స్’ అని ప్రత్యేకంగా ఒక అర ఉంటోంది. దెయ్యాలు, రక్తపిశాచులు, మంత్రగత్తెలు, రూపం మార్చే మనుషులు ప్రేమలో పడే నవలలవి. అందులోనే ఇద్దరు మగవాళ్ల ప్రేమ, ఆ ఇద్దరిలో ఒకరు తోడేలు కావడం అనే కథావస్తువు తనకంటూ ఒక పెద్ద పాఠకలోకాన్ని తెచ్చుకుంది. కొందరికి అది వింత, కొందరికి వెకిలి. ఈ నవలలు చదువుతూ వచ్చిన నాకు మాత్రం అవి చాలా పాత బాధను, చాలా పాత ఆశను మోసుకొస్తున్నాయని అనిపిస్తుంది. ఆ బాధ ఏమిటో తెలియాలంటే ముందు సామంతుడి కథ పూర్తిగా వినాలి.

చెప్పుకున్నందుకు శిక్ష

బ్రిటనీ ప్రాంతంలో ఒక సామంతుడు. అందగాడు, మంచివాడు, రాజుకు ఆప్తుడు. భార్యంటే ప్రేమ. అయితే వారంలో మూడు రోజులు ఇంట్లో ఉండడు. ఎక్కడికి వెళ్తాడో ఎవరికీ తెలియదు. భార్య అడిగింది. చెబితే నీ ప్రేమ పోగొట్టుకుంటాను, నన్ను నేనే పోగొట్టుకుంటాను అన్నాడు. ఆమె వదల్లేదు. బుజ్జగించి, బతిమాలి, చివరికి చెప్పించింది. అడవిలోకి వెళ్తాను, బట్టలు విప్పేస్తాను, తోడేలునవుతాను అన్నాడు. బట్టలు ఎక్కడ దాస్తావు అని అడిగింది. ఆ ఒక్కటీ అడగొద్దన్నాడు, అవి పోతే ఇక మనిషి రూపం రాదు కనుక. అదీ చెప్పించింది. పాత ప్రార్థనామందిరం పక్కన, పొద చాటున, లోపల గుల్లగా ఉన్న బండరాయి కింద.

ఆ క్షణం నుంచి ఆమెకు భర్త పక్కన పడుకోవాలంటే భయం. ఎప్పటినుంచో తన వెంట పడుతున్న ఒక వీరుణ్ని పిలిపించి, ఆ బట్టలు ఎత్తుకురమ్మంది. తర్వాత అతణ్నే పెళ్లి చేసుకుంది. సామంతుడు అడవిలో తోడేలుగానే ఉండిపోయాడు.

ఏడాది గడిచింది. రాజు వేటకు వచ్చాడు. కుక్కలు తోడేలును రోజంతా తరిమాయి. ఇక చీల్చేస్తాయనగా తోడేలు రాజును చూసి ఉరికింది. రికాబు పట్టుకుంది. రాజు కాలికి, పాదానికి ముద్దు పెట్టింది. రాజు ముందు భయపడ్డాడు. తర్వాత పరివారాన్ని పిలిచి, దీనికి మనిషి బుద్ధి ఉంది, చూడండి, శరణు కోరుతోంది అన్నాడు. కుక్కల్ని వెనక్కి లాగించి తోడేలును కోటకు తీసుకెళ్లాడు. అప్పటినుంచి అది రాజును విడిచి ఉండలేదు. రాత్రిళ్లు రాజు దగ్గరే పడుకునేది.

ఇక్కడ మరీ ఒక పెద్ద పని చేసింది. ఆ సామంతుడు తన మాటల్లో తన నిజం చెప్పుకున్నది భార్యకు. ఆమె పారిపోయింది. రాజుకు అతడు ఒక్క మాటా చెప్పలేదు, చెప్పడానికి నోరే లేదు. అయినా రాజు చర్మం వెనక ఉన్న మనిషిని పోల్చుకున్నాడు. నేటి నవలలన్నీ ఈ రెండు ఘట్టాల చుట్టూనే తిరుగుతాయి. ఒకటి, ప్రాణంలా దాచుకున్న నిజాన్ని నమ్మిన మనిషికి చెప్పుకోవడం. రెండు, చెప్పకముందే ఎవరో ఒకరు పోల్చుకోవడం.

ఆ రాజును గే అనడం సరికాదని నా అభిప్రాయం. అప్పటి రాజాస్థానాల్లో ముద్దు ఒక మర్యాద. ప్రభువుకు, సామంతుడికి మధ్య కట్టుబాటుకు గుర్తు. ఆ కాలపు మనుషులు తమను తాము ఇలాంటి పేర్లతో చూసుకోలేదు. కానీ ఆ మంచాన్ని, ఆ కౌగిలిని, ఆ వంద ముద్దుల్ని ఏరికోరి అక్కడ పెట్టింది మాత్రం కవయిత్రే. పెళ్లిలో దొరకని నమ్మకం ఒక మగవాడికి మరో మగవాడి దగ్గర దొరకడమే ఈ కథకు ముగింపు. ఇటీవలి సాహిత్య పరిశోధకులు ఈ కథను స్వలింగ ప్రేమ వైపు నుంచి చదవడం ఊరికే జరగలేదు. 13వ శతాబ్దంలో నార్వే రాజు హాకోన్ తన ఆస్థానం కోసం ఫ్రెంచి కథల్ని అనువదింపజేసినప్పుడు ఇదీ ఆ సంపుటిలో చేరింది. అంటే ఆ రోజుల్లోనే సముద్రం దాటిన కథ ఇది.

తండ్రి చేతిలో వెండి కర్ర

మరీ తర్వాత తోడేలు మనిషికి మంచి రోజులు రాలేదు. 1589లో జర్మనీలోని బెడ్‌బుర్గ్‌లో పీటర్ స్టంప్ అనే రైతును తోడేలుగా మారి హత్యలు చేశాడన్న నేరం మోపి, చిత్రహింసలు పెట్టి చంపారు. అనుమానం వచ్చిన మనిషిని మృగమని పేరు పెడితే చాలు, ఇక అతణ్ని ఏం చేసినా తప్పు లేదన్న ధైర్యం సమాజానికి వస్తుంది. ఆ ధైర్యం ఎవరెవరి మీద ప్రయోగించారో చరిత్ర నిండా ఉంది.

ఆ ధైర్యాన్ని దగ్గరగా చూసినవాడే మనకు తెలిసిన సినిమా తోడేలును తయారుచేశాడు. కర్ట్ సియోడ్‌మాక్ డ్రెస్డెన్‌లో పుట్టిన యూదు రచయిత. హిట్లర్ రాగానే జర్మనీ విడిచి, చివరికి అమెరికా చేరాడు. 1941లో యూనివర్సల్ స్టూడియో కోసం ‘ది వుల్ఫ్ మ్యాన్’ రాశాడు. అందులో తోడేలు చేతిలో చావబోయే మనిషి అరచేతిలో నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. యూరప్‌లో యూదుల బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టిస్తున్న కాలమది. లాన్ చానీ జూనియర్ వేసిన లారీ టాల్బట్ చెడ్డవాడు కాదు. ఒక అమ్మాయిని కాపాడబోయి కాటు తిన్నవాడు. తనకేదో అవుతోందని తండ్రితో చెబుతాడు. తండ్రి అదంతా మనసు భ్రమ అంటాడు. చివర్లో అడవిలో మీద పడ్డ మృగాన్ని అదే తండ్రి వెండి తల ఉన్న చేతికర్రతో కొట్టి చంపుతాడు. చచ్చాక మృగం ముఖం మెల్లమెల్లగా మారి, కొడుకు ముఖం కనిపిస్తుంది.

ఆ సినిమాలో స్వలింగ ప్రేమ ఊసే లేదు. ఉండే వీలూ లేదు. 1934 నుంచి గట్టిగా అమలైన హేస్ కోడ్ హాలీవుడ్‌లో అలాంటి ప్రేమను తెరకెక్కనివ్వలేదు. అయినా ‘నాకేదో అవుతోంది నాన్నా’ అని చెప్పుకోబోయి, ‘అదంతా నీ భ్రమ’ అనిపించుకున్న కొడుకులు థియేటర్ చీకట్లో కూర్చుని ఆ ముగింపును ఎలా చూసి ఉంటారో నేను ఊహించగలను.

1985 నాటి ‘టీన్ వుల్ఫ్’ సినిమాలో ఈ సంగతి ఏకంగా మాటల్లోకే వచ్చేసింది. మైకేల్ జె. ఫాక్స్ వేసిన కుర్రాడు తను తోడేలునన్న నిజం స్నేహితుడు స్టైల్స్‌కి చెప్పబోతాడు. అతడి తడబాటు చూసి, నువ్వు గే అని మాత్రం చెప్పకు, అది నేను తట్టుకోలేను అంటాడు స్నేహితుడు, అదీ ఒక బూతుమాట వాడి. తోడేలునని తెలిశాక హాయిగా ఊపిరి పీల్చుకుని, ఆ పేరు మీద టీషర్టులు అమ్ముకుంటాడు కూడా. తోడేలు కావడం కన్నా గే కావడం ఘోరమని ఆ సినిమా నవ్విస్తూ చెప్పింది. హాలు నవ్వింది. ఆ నవ్వుల మధ్య మౌనంగా కూర్చున్న పిల్లలే పెద్దయ్యాక ఈ కథల్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు.

అదే పేరుతో ఎంటీవీ 2011లో సీరియల్ మొదలుపెట్టింది. ఆరు సీజన్లు, 100 ఎపిసోడ్లు నడిచి 2017లో ముగిసింది. దాని సృష్టికర్త జెఫ్ డేవిస్ తను గే అని దాచుకోని మనిషి. తన కథలోని ఊళ్లో స్వలింగ ద్వేషమనేదే ఉండకూడదని నిర్ణయించుకున్నాడు. మూడో సీజన్‌లో ఈథన్ అనే తోడేలు కుర్రాడు, డానీ అనే మామూలు కుర్రాడు ప్రేమించుకుంటారు. తన తోడేళ్ల గుంపు పెట్టిన పని మీద డానీకి దగ్గరైన ఈథన్ నిజంగానే ప్రేమలో పడతాడు. విడిపోయే వేళ అసలు నిజం ఎలా చెప్పాలా అని అతడు నలిగిపోతుంటే, నువ్వు తోడేలువని నాకు తెలుసులే అని డానీ తేలిగ్గా అనేస్తాడు. 1985లో హాలు నవ్విన చోట, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత జరిగింది ఇది.

అభిమానుల కలం

ఇక్కడే అసలు మలుపు టీవీ బయట జరిగింది. ఆ సీరియల్లో స్టైల్స్, డెరెక్ అనే ఇద్దరు మగ పాత్రల మధ్య రచయితలు ప్రేమ రాయలేదు. అభిమానులు రాసుకున్నారు. ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు. ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే ఉచిత గ్రంథాలయం అలాంటి కథలకు ఇల్లు. లాభాపేక్ష లేని సంస్థ ఒకటి దాన్ని 2009లో పాఠకులకు తెరిచింది. 2019లో ఆ గ్రంథాలయానికి హ్యూగో పురస్కారం వచ్చింది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగాల్లో హ్యూగో అంటే పెద్ద గౌరవం.

రాసేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. స్వలింగ ప్రేమికులూ చాలామందే. డబ్బు రాదు, పేరు రాదు. రాత్రి పనయ్యాక రాసి, పొద్దున్నే పాఠకుల మాట కోసం చూసుకునే రచన అది. మగవాళ్ల మధ్య ప్రేమను ఆడవాళ్లు ఎందుకింత ఇష్టంగా రాస్తారన్న ప్రశ్న తరచూ వస్తుంది. నాకు తోచిన జవాబు ఒకటే. మామూలు ప్రేమకథలో ఎవరు వెంటపడాలి, ఎవరు లొంగాలి, ఎవరు వంటింట్లోకి వెళ్లాలి అన్నవి ముందే రాసిపెట్టి ఉంటాయి. ఇద్దరూ మగవాళ్లయినప్పుడు అవన్నీ మొదటినుంచి తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే వాళ్లకు స్వేచ్ఛ దొరికింది.

హ్యారీ పోటర్ కథల్లోని లూపిన్ మాస్టారి మీదా ఇలాంటి ప్రేమకథలు లెక్కలేనన్ని వచ్చాయి. లూపిన్ తోడేలు జబ్బును హెచ్ఐవీ లాంటి, సమాజం వెలివేసే రోగాలకు సంకేతంగా రాశానని రచయిత్రి రౌలింగ్ తర్వాత చెప్పింది. 1980లలో ఎయిడ్స్‌తో చనిపోతున్న గే యువకుల్ని అంటరానివాళ్లలా చూసిన తరానికి ఆ సంకేతం విడమరిచి చెప్పనక్కర్లేదు. నిజం బయటపడగానే మాస్టారు ఉద్యోగం మానేసి వెళ్లిపోవలసి వస్తుంది. తల్లిదండ్రులు తమ పిల్లలకు అలాంటివాడు పాఠం చెప్పడం ఒప్పుకోరని ఆయనే అంటాడు. స్కూళ్లలో ఇది ఎంతమంది టీచర్ల సొంత కథో.

గ్యారేజీలో ఒక కుటుంబం

ఈ ధోరణిలో వచ్చిన నవలల్లో ఒక్కటే చేతిలో పెట్టమంటే నేను టి.జె. క్లూన్ రాసిన ‘గ్రీన్ క్రీక్’ వరుసను ఇస్తాను. మొదటి నవల ‘వుల్ఫ్‌సాంగ్’ 2016లో ఒక చిన్న ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. తర్వాత ‘రేవెన్‌సాంగ్’, ‘హార్ట్‌సాంగ్’, 2020లో ‘బ్రదర్‌సాంగ్’. ఈలోగా అదే రచయిత మరో నవల ‘ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ’ పెద్ద పేరు తెచ్చుకుంది. దాంతో టోర్ అనే పేరున్న ప్రచురణ సంస్థ ఈ తోడేలు నవలల్ని 2023-24లో మళ్లీ కొత్త అట్టలతో అచ్చేసింది. ఒకప్పుడు వెతికి వెతికి తెప్పించుకోవలసిన పుస్తకాలు ఇప్పుడు విమానాశ్రయం దుకాణాల్లో దొరికే స్థాయికి వచ్చాయి.

కథ అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో, అడవి పక్కన ఉన్న గ్రీన్ క్రీక్ అనే కల్పిత ఊళ్లో జరుగుతుంది. ఊళ్లో గోర్డో అనే మెకానిక్‌కు ఒక కార్ల గ్యారేజీ ఉంది. చేతుల నిండా పచ్చబొట్లు, వాటిలో కాకోలాలు. అతడు మంత్రవేత్త. చిన్నప్పటినుంచి బెన్నెట్ అనే తోడేళ్ల కుటుంబాన్ని కాచే బాధ్యత అతడిది. ఒకరోజు ఆ కుటుంబం అతణ్ని ఊళ్లోనే వదిలేసి వెళ్లిపోయింది. వెళ్లినవాళ్లలో అతడు ప్రేమించిన మార్క్ కూడా ఉన్నాడు. ఏళ్ల తర్వాత మార్క్ తిరిగొచ్చాడు. దూరం తగ్గేసరికి ఇద్దరూ నడివయసుకు వచ్చేశారు. ‘రేవెన్‌సాంగ్’ ఈ ఇద్దరి నవల. నూనె మరకల చేతులతో, కోపంతో, సిగరెట్ వాసనతో ఉండే గోర్డో ‘నన్నెందుకు వదిలేశావు’ అన్న ఒక్క మాట అడగడానికి నవలలో సగం పడుతుంది. ప్రేమకథల్లో ఇరవై ఏళ్లవాళ్లే ఎందుకుండాలి అనుకునే పాఠకులు దీన్ని తప్పక చదవాలి.

గ్యారేజీలో పనిచేసే ముగ్గురు మామూలు మనుషులు నాకు మరీ ఇష్టం. మంత్రం తెలియదు, కోరలు లేవు. తమ యజమాని జీవితంలో తోడేళ్లున్నాయని తెలిశాక కూడా పొద్దున్నే పనికొస్తారు. గొడవ వచ్చినప్పుడు చేతికి అందిన పనిముట్టు పట్టుకుని ముందుకొస్తారు. గుంపులో చేరడానికి తోడేలై పుట్టనక్కర్లేదని, నిలబడితే చాలని ఆ ముగ్గురి ద్వారా క్లూన్ చూపిస్తాడు. కన్నవాళ్లు గెంటేసిన గే పిల్లలు స్నేహితుల్లోనే అమ్మను, అన్నను వెతుక్కుంటూ కట్టుకున్న కుటుంబాలు అమెరికా నగరాల్లో నిజంగా ఉన్నాయి. ఈ నవలల్లోని గుంపు అదే.

‘హార్ట్‌సాంగ్’లో కెల్లీ అనే యువకుడికి శృంగారం మీద ఆసక్తి ఉండదు. ప్రేమ మాత్రం కొండంత. రాబీ అతణ్ని అలాగే ప్రేమిస్తాడు. అంగాంగ వర్ణనలతో నిండిపోయిన ఈ రంగంలో అలాంటి జంటను పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. ఇక ‘బ్రదర్‌సాంగ్’ చదువుతుంటే నాకు మరీ ద ఫ్రాన్స్ పదేపదే గుర్తొచ్చింది. కార్టర్ అనే యువకుడి వెంట ఒక పెద్ద తోడేలు నీడలా తిరుగుతుంటుంది. మనిషి రూపం మరిచిపోయిన తోడేలు. అందరూ ఆటపట్టిస్తారు. కార్టర్ విసుక్కుంటాడు. అది గావిన్ అనే మనిషని, తన కోసమే ఇన్నాళ్లూ కాచుకుని ఉందని అర్థమయ్యేసరికి గావిన్ దూరమైపోతాడు. కార్టర్ ఇల్లు వదిలి అతణ్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. మరీ ద ఫ్రాన్స్ రాజుగారితో చెప్పించనిది ఎనిమిది శతాబ్దాల తర్వాత కార్టర్ నోరు తెరిచి చెబుతాడు.

చార్లీ అడారా రాసిన ‘బిగ్ బ్యాడ్ వుల్ఫ్’ వరుస మరో రకం. 2018లో మొదలైన ఈ అయిదు నవలల్లో కూపర్ డేటన్ అనే నేర పరిశోధకుడు తోడేలు దాడిలో గాయపడి బతుకుతాడు. ఆ తర్వాత తోడేలైన ఆలివర్ పార్క్‌తో కలిసి పనిచేయాల్సి వస్తుంది. భయం ఎలా అనుమానమవుతుందో, అనుమానం ఎలా అలవాటై, చివరికి పెళ్లి మాటలదాకా వెళ్తుందో ఓపిగ్గా రాసింది. డిటెక్టివ్ నవలలు ఇష్టపడేవాళ్లకు దీంతో మొదలుపెట్టమని చెబుతాను.

అడవిలో ఆల్ఫా లేడు

ఈ నవలల్లో నాకు నచ్చనిదీ ఉంది. దాన్ని దాచడం పాఠకులకు మేలు చేయదు.

చాలా పుస్తకాల్లో ‘ఆల్ఫా’ అనే మగాడొకడు ఉంటాడు. అందర్నీ లొంగదీస్తాడు, గుర్రుమంటాడు, తనకు నచ్చినవాడు తన సొత్తని ప్రకటిస్తాడు. ప్రకృతి నియమమే అంత అని రచయిత సమర్థిస్తాడు. 2010 ప్రాంతంలో అభిమానుల కథల్లోంచి పుట్టిన ‘ఒమేగావర్స్’ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఆల్ఫాలు, బీటాలు, ఒమేగాలు అని మనుషుల్ని పుట్టుకతోనే వర్గాలు చేసింది. ఆ లోకంలో మగవాళ్లు గర్భం దాలుస్తారు. పుట్టుకను బట్టి మనిషి స్థానం తేలిపోయే లోకాన్ని కోరి కల్పించుకోవడం, కులం తెలిసిన దేశంలో కూర్చుని చదువుతున్న నాకు మింగుడుపడదు. ఆ కట్టుబాటును ఎదిరించే పాత్రల కోసమే ఆ లోకాన్ని వాడుకున్న మంచి రచయితలూ ఉన్నారు.

ప్రకృతి పేరు చెప్పేవాళ్లు ప్రకృతిని చూడాలి. ఆల్ఫా తోడేలు అనే మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ చేసిన పరిశీలన. ఆయన చూసింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లను. అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మెచ్ 1970లో రాసిన పుస్తకం ఆ మాటను లోకమంతా పాకించింది. తర్వాత ఆయనే కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో వేసవి తర్వాత వేసవి అడవి తోడేళ్లను దగ్గరగా గమనించాడు. అక్కడ గుంపంటే ఒక కుటుంబం. తల్లి, తండ్రి, వాళ్ల పిల్లలు. పోట్లాడి గద్దెనెక్కిన నాయకుడెవరూ లేడు. 1999లో ఆ సంగతి శాస్త్ర పత్రికలో రాశాడు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చువేయొద్దని ప్రచురణకర్తల్ని ఏళ్ల తరబడి కోరాడు. బోనులో పెట్టిన ప్రాణుల కొట్లాటను చూసి అదే వాటి స్వభావం అనుకున్నాం. అదే పొరపాటు మగతనం విషయంలోనూ చేస్తున్నామని నా నమ్మకం.

ఆరిగన్ పేరెత్తాం కాబట్టి అక్కడి ఒక నిజం తోడేలు సంగతీ చెప్పాలి. 1940లకల్లా ఆ రాష్ట్రంలో తోడేళ్లను తుడిచిపెట్టేశారు. చంపినవాళ్లకు ప్రభుత్వమే బహుమతి డబ్బిచ్చింది. దశాబ్దాల తర్వాత పక్క రాష్ట్రం నుంచి అవి మళ్లీ వచ్చాయి. 2011లో రేడియో పట్టీ కట్టిన ఓఆర్-7 అనే మగ తోడేలు సెప్టెంబరులో తన గుంపును వదిలి బయల్దేరింది. అలా తిరుగుతూ మొత్తం వెయ్యి మైళ్లకు పైగా నడిచింది. ఆ డిసెంబరు 28న కాలిఫోర్నియాలో అడుగుపెట్టింది. 1924 తర్వాత ఆ రాష్ట్రంలో అడవి తోడేలు కనిపించడం అదే మొదటిసారి. చివరికి 2014లో ఆరిగన్ నైరుతి కొండల్లో దానికి జంట దొరికింది, పిల్లలు పుట్టాయి. తోడు కోసం తోడేలు ఎంత దూరం నడుస్తుందో చెప్పడానికి నవలాకారులు అతిశయోక్తులు వెతుక్కోవలసిన పని లేదు.

నా రెండో అభ్యంతరం ‘విధి రాసిన జంట’ గురించి. వాసన చూడగానే వీడే నా తోడు అని తోడేలుకు తెలిసిపోతుంది. ఎదుటి మనిషి ఇష్టం అడిగే పని ఉండదు. ప్రేమలో అడగడం, ఒప్పుకోవడం, కాదనడం అన్నీ ఉండాలి. వాటిని తప్పించే మంత్రం ఏదైనా ప్రేమను చిన్నది చేస్తుంది. జంటగా ఉంటావా అని తోడేలు అడగడం, అవతలి మనిషి కాదనగలగడం, కాదంటే తోడేలు ఆగడం ఉన్న పుస్తకాలే నాకు మిగిలాయి.

మూడోది ఆడవాళ్ల సంగతి. మరీ ద ఫ్రాన్స్ కథలో భార్యకు పేరైనా లేదు. ఆమె రాజును చూడటానికి వచ్చినప్పుడు తోడేలు మీద పడి ముక్కు కొరికేస్తుంది. రాజు ఆమెను హింసించి నిజం కక్కిస్తాడు, దేశం నుంచి వెళ్లగొడతాడు. ఆమె వంశంలో ముక్కులేని ఆడపిల్లలు పుట్టారని చెప్పి కథ ముగుస్తుంది. రాత్రి పక్కన పడుకునేది మృగమని తెలిసిన ఆడమనిషి భయానికి కవయిత్రి ఒక్క క్షణమైనా సానుభూతి చూపలేదు. నేటి మగ-మగ ప్రేమ నవలల్లోనూ ఆడవాళ్లు చాలాసార్లు అయితే విలన్లు, లేదంటే చనిపోయిన తల్లులు. మగవాళ్ల ప్రేమ గొప్పదని చెప్పడానికి ఆడవాళ్లను తక్కువ చేయాల్సిన అవసరం ఏ కథకూ లేదు.

మన గుమ్మం ముందు

రూపం మార్చుకునే మనుషులు మనకు కొత్త కాదు. కాశీమజిలీ కథల్లో, విఠలాచార్య సినిమాల్లో మనుషులు చిలకలయ్యారు, పాములయ్యారు, రాళ్లయ్యారు. తోడేలు మాత్రం మన కథల్లో మేకపిల్లను తినే దుర్మార్గురాలిగానే మిగిలింది. 2022లో హిందీ ‘భేడియా’ను ‘తోడేలు’ పేరుతో తెలుగులోకి తెచ్చినప్పుడు అరుణాచల్ అడవుల్లో కాటుతిని తోడేలుగా మారే యువకుణ్ని మన ప్రేక్షకులు చూశారు. ఆ సినిమా బాధ అడవి గురించి. ప్రేమ మామూలు అబ్బాయి-అమ్మాయి ప్రేమే.

ఇద్దరు మగవాళ్ల ప్రేమ విషయానికి వస్తే తెలుగు తెర చాలాకాలం దాన్ని కామెడీ ట్రాక్‌గానే చూపించింది. నడక వెటకారం, చెయ్యి తిప్పితే నవ్వు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే సెక్షన్ 377 విషయంలో తీర్పు ఇచ్చేదాకా ఇష్టపూర్వకంగా కలిసిన ఇద్దరు వయోజనులు కూడా చట్టం దృష్టిలో నేరస్థులే. హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే జంట బంధువుల మధ్య, స్నేహితుల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. ఆ పెళ్లికి చట్టం గుర్తింపు ఇవ్వాలని మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశమంతా సాగిన ఆ కేసు సుప్రియో పేరు మీదే ఉంది. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి పెళ్లిని గుర్తించడం తమ చేతిలో లేదని, అది పార్లమెంటు పని అని తేల్చింది. అంటే హైదరాబాద్‌లో కలిసి బతుకుతున్న ఇద్దరు మగవాళ్లు నేరస్థులు కారు, భార్యాభర్తల్లాంటి హక్కులున్నవాళ్లూ కారు.

ఇలాంటి చోట ఒక తోడేలు నవల ఏం చేస్తుంది? చట్టం మార్చదు. కానీ ఇంటర్ చదివే కుర్రాడు రాత్రి దుప్పటిలో ఫోన్ వెలుతురులో తనలాంటివాడు చివరి పేజీ దాకా బతికే కథను, తను ప్రేమించినవాడితో కలిసి సుఖంగా ఉండే కథను చదవగలుగుతాడు. మన సాహిత్యంలో అలాంటి పాత్రలు తరచూ చావుతోనో, బలవంతపు పెళ్లితోనో, ఊరు విడిచిపోవడంతోనో ముగుస్తాయి. రొమాన్స్ నవలకు ఒక కట్టుబాటు ఉంది, ముగింపు సుఖాంతం కావాలి. సాహిత్య విమర్శకులు చిన్నచూపు చూసే ఆ కట్టుబాటే ఇక్కడ మందులా పనిచేస్తుంది. సుఖాంతం ఊహించుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే కదా.

తెలుగు ప్రచురణకర్తలకు ఒక విన్నపం. ఈ నవలల్లో మంచివి ఎంచి అనువాదం చేయించండి. అంతకన్నా ముఖ్యంగా, నల్లమల అడవిలోనో అనంతపురం బీళ్లలోనో జరిగే సొంత కథలు రాయమని కొత్తవాళ్లను అడగండి. అనంతపురం గొర్రెల కాపర్లకు తోడేలు గురించి హాలీవుడ్ కన్నా ఎక్కువ తెలుసు. అమ్మానాన్నలకు మరో మాట. మీ పిల్లల ఫోన్‌లోనో బల్ల మీదో ఇలాంటి పుస్తకం కనిపిస్తే లాక్కోకండి, ఎగతాళి చేయకండి. వాళ్లను అడిగి మీరూ చదవండి. చదివాక వాళ్లు మీతో ఏదైనా చెప్పాలనుకుంటే, మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి.